పొట్టరాళ్లు

మా ఆఫీసులో గంటకి పది ముక్కలు.
ఆరు నిమిషాలకొకటి.
ఫోనెత్తి హలో అంటే ఒక ముక్క,
ఉత్తరం చదివి నిట్టూరిస్తే ఒక ముక్క,
మెట్లెక్కుతూ ఆలోచిస్తే
ఆ ఆలోచన ఎవరిదో వాళ్ల ఖాతాలో ఇంకో ముక్క.
పంతొమ్మిదేళ్లుగా తరుగుతున్నాను కాలాన్ని
బెండకాయలు తరిగినట్టు.

అబెర్డీన్‌లో చమురు కంపెనీలకి వకీలుని.
సముద్రం అడుగున గొట్టం పగిలితే
తప్పెవరిదో తేల్చడం కాదు,
ఎవరిది కాదో తేల్చడం నా పని.
బాగా చేస్తాను. చెప్పుకోడానికి మొహమాటం లేదు.

అక్టోబరులో డాక్టరమ్మ అడిగింది,
చివరిసారి సంతోషంగా ఎప్పుడున్నారని.
"తేదీ కచ్చితంగా చెప్పలేను,
రికార్డులు చూసి లిఖితపూర్వకంగా తెలియజేస్తాను"
అనేసింది నా నోరు.
ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
ఇంటికొచ్చి నిజంగానే వెతికాను.
పాత డైరీలో ఒక గురువారం:
కోర్టులో కరెంటు పోయి, కేసు వాయిదా పడి,
గుమాస్తా మాయిరీతో మెట్ల మీద కూచుని
ఒకే యాపిల్ చెరిసగం తిన్న నలభై నిమిషాలు.
ఎవరి ఖాతాలోనూ రాయలేదవి.

హంట్లీ దాటాక ఒక గొర్రెల బీడులో
వాటీ గెడ్డెస్ గోడలు కడతాడు.
సున్నం లేదు, సిమెంటు లేదు, రాతి మీద రాయి.
శనివారాలు నేర్పుతాడని విని వెళ్లాను.
డెబ్బై నాలుగేళ్లు. ఎడమచేతికి మూడే వేళ్లు.
"చేతిలోకి తీసిన రాయిని కింద పెట్టకు.
దానికో చోటుంటుంది, వెతుకు."
లేకపోతే? అని నా అప్పీలు.
"లేనిది నీ కంటికి. రాయికుంది."

మొదటి పూట పదకొండు రాళ్లు పెట్టాను.
తొమ్మిది పీకేశాడు.
బయటికి నున్నటి ముఖం చూపించి
లోపల డొల్ల వదిలేశానట.
"రెండు వరసల మధ్యా పొట్ట నింపాలి, ఇష్‌బెల్.
చిన్నరాళ్లు, ఒక్కొక్కటీ చేత్తో.
పారతో ఎత్తిపోస్తే పదేళ్లు నిలుస్తుంది.
చేత్తో పేరిస్తే నీ మనవలు దాని మీద కూచుంటారు.
వాటినెవరూ చూడరు.
అందుకే జాగ్రత్తగా పెట్టాలి."

ఎవరూ చూడనిదానికి జాగ్రత్త!
మా బిల్లుల పుస్తకంలో దానికి పద్దు లేదు.

నవంబరులో ఒకరోజు,
కంచె గుంజకి తగిలించిన నా కోటులో
ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది.
నా చేతుల్లో గొర్రెపిల్లంత రాయి.
కింద పెట్టకూడదు కదా, నియమం నేను పెట్టింది కాదు కదా
అని లోపల వాదించుకుంటూ నిలబడ్డాను.
సన్నటి వడగళ్లు చెంపల్ని గీరాయి.
ఎన్ని ముక్కలు గడిచాయో లెక్క తప్పింది.
లెక్క తప్పిన సంగతి
రాత్రి చేతులు కడుక్కుంటుంటే తెలిసింది.

ఉద్యోగం మానేశావా అంటారు.
లేదు. ఇంటి అప్పుంది, పిల్లాడి చదువుంది.
పైగా వాదించడం నాకిష్టం, అబద్ధమెందుకు.
సోమవారం అదే కుర్చీ.
కాకపోతే జనవరిలో, రిగ్గు మీంచి పడి పోయినవాడి భార్య
కోర్టుకి రాసిన ఆరు పేజీల ఉత్తరాన్ని
గడియారం ఆపి చదివాను, రెండుసార్లు.
జవాబు రాసే హక్కు నాకు లేదు.
కేసులో అక్షరం మారలేదు.
ఆయన పావురాల్ని పెంచేవాడని మాత్రం
ఇప్పుడు నాకు తెలుసు.

మార్చిలో మంచు కరిగి నేల కదిలాక
నా గోడ ఒకచోట కడుపుబ్బి కూలింది.
వాటీ మోకాళ్ల మీద కూచుని
ఆ గాయంలోకి మూడు వేళ్లూ పెట్టి తడిమాడు.
"పొట్ట గట్టిగానే ఉంది," అన్నాడు చాలాసేపటికి.
"పునాదిదే తప్పు. అది నేను వేసింది."

పంతొమ్మిదేళ్ల ప్రాక్టీసులో
ఎవరూ అడక్కుండా ఒకరు తప్పొప్పుకోవడం
మొదటిసారి విన్నాను.
ఏమనాలో తోచలేదు.
దగ్గర్లో ఉన్న రాయి తీసి అందించాను.
తీసుకున్నాడు.
ఇక దాన్ని కింద పెట్టడానికి లేదు.